టెక్ సందేహాలు: డ్రమ్స్ ఉచితం, దొంగ అదనం

ప్రశ్న: కొత్తగా ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొన్నాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే, దెబ్బ పడిన కాసేపటికి గానీ మోత వినిపించడం లేదు. కిట్ మార్చి ఇమ్మని అడగనా?

మార్చినా ఇదే గోల. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పి మీ చెవిలో వేసేసరికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీ సెకన్లు పడుతుంది. వీడియో చూస్తున్నప్పుడు ఫోన్ బొమ్మను కూడా అంతసేపు ఆపి సరిపెడుతుంది కాబట్టి మనకు తెలియదు. మీ చేతిని ఎవరు ఆపుతారు? ఆలస్యం 10 మిల్లీ సెకన్లు దాటితేనే చాలామంది డ్రమ్మర్లు పసిగట్టేస్తారు. వైరున్న హెడ్‌ఫోన్స్ తెచ్చుకోండి. మాడ్యూల్‌కు, అంటే దెబ్బను మోతగా మార్చే పెట్టెకు, ఉన్నది లావు సాకెట్టయితే 6.35 మిల్లీమీటర్ల స్టీరియో అడాప్టర్ కావాలి. మోనోది పెడితే ఒక్క చెవిలోనే మోగుతుంది.

‘మాడ్యూల్ మీద బ్లూటూత్ గుర్తుంది కదా’ అంటారు. చాలా కిట్లలో అది ఫోన్‌లోని పాటను మాడ్యూల్‌లోకి తెచ్చుకోవడానికే, మోతను బయటికి పంపడానికి కాదు. పెట్టె మీద గుర్తును అంత పెద్దగా అచ్చేసినవాళ్లకు ఈ ఒక్క ముక్క రాయడానికి చోటు దొరకలేదు.

ప్రశ్న: మెష్ (వల లాంటి) ప్యాడ్లు చప్పుడు చేయవని కొన్నాం. కింది అంతస్తువాళ్లు రోజూ గొడవకొస్తున్నారు.

వాళ్లు వింటున్నది ప్యాడ్లను కాదు, కిక్ పెడల్‌ను. మీరు తొక్కిన ప్రతిసారీ ఆ అదురు స్టాండు గుండా నేలలోకి దిగుతుంది. ఒకసారి ఇంట్లో ఎవరినైనా పెడల్ తొక్కమని, మీరు కిందికెళ్లి నిలబడండి. స్నేర్ వినపడదు, సింబల్ వినపడదు, నెత్తిమీద ఎవరో రోకలి వేస్తున్నట్టు ‘ధన్ ధన్’ ఒక్కటే. తివాచీతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు వరుసగా అమర్చి, కిట్ మొత్తాన్ని దానిమీదికి ఎక్కిస్తే చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మాడ్యూల్‌లోని శబ్దాలు బొమ్మ డ్రమ్స్‌లా ఉన్నాయి. కంప్యూటర్‌కు కలుపుకొమ్మని స్నేహితుడొకడు ఖరీదైన డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చాడు. యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతుందట. ఆపవచ్చా?

ఆపొద్దు. ఇప్పటికే ఆపేసి, ఆ తర్వాత నాకు రాస్తున్నారేమోనని నా భయం.

ఈ క్రాక్ కాపీలన్నిటితోనూ (లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీలు) ఒక రీడ్‌మీ ఫైలు వస్తుంది. ‘యాంటీవైరస్ ఆపండి, అది చూపేది ఉత్త హెచ్చరికే, అడ్మిన్‌గా రన్ చేయండి’ అని అందులో ఉంటుంది. కొరివితో తల గోక్కోమని వరసవారీగా నేర్పించే కాగితం అది. డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో తిరకాసు ఉంది. అసలు డ్రమ్స్‌ను రికార్డు చేసిన శబ్దాలు కనుక ఒక్కో ప్యాకేజీ పదుల జీబీలుంటుంది. అంత పెద్ద ఫైళ్లను కొన్ని యాంటీవైరస్‌లు పూర్తిగా తడమవు. అంత మేటలో చిన్న దొంగ ప్రోగ్రాం ఒకటి పెట్టడం ఏమంత కష్టం?

అది మీ డ్రమ్స్ జోలికి రాదు. అవి చక్కగానే మోగుతాయి, అందుకే అనుమానం రాదు. అది చూసేది బ్రౌజర్ వైపు. అక్కడ దాచుకున్న పాస్‌వర్డులు, వాటితోపాటు కుకీలు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక సైటు మీ బ్రౌజర్‌కు ఇచ్చే టోకెన్ లాంటిది కుకీ. ఆ టోకెన్ దొంగ చేతిలో పడితే చాలాచోట్ల పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. ‘నాకు ఓటీపీ ఉందిగా’ అనే ధీమాతో ఉన్నవాళ్లే ఎక్కువ మునుగుతున్నారు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, తీసేసినంత మాత్రాన పోదు. అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డులు మార్చడమంటే కొత్త తాళంచెవి కూడా దొంగకే ఇవ్వడం. వేరే పరికరం నుంచి ముందు ఈమెయిల్‌ది, తర్వాత డబ్బుతో పనున్నవి మార్చండి. ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి, లేకపోతే పాత టోకెన్ ఇంకా చెల్లుతూనే ఉండొచ్చు. కంప్యూటర్‌ను తుడిచి, సిస్టమ్ మళ్లీ వేయించండి.

ఉచితంగానే కావాలంటే న్యాయంగా దొరికేవి ఉన్నాయి. డ్రమ్‌గిజ్మో, హైడ్రోజన్ రెండూ ఓపెన్ సోర్సే. యూఎస్‌బీ కేబుల్‌లో వెళ్లేది శబ్దం కాదు, మిడీ అనే సంకేతం: ఏ నంబరు ప్యాడ్‌ను కొట్టారు, ఎంత గట్టిగా కొట్టారు. ఆ గట్టిదనం 1 నుంచి 127 లోపు. సాధారణంగా కిక్ 36, స్నేర్ 38. స్నేర్ కొడితే ఇంకేదో మోగిందంటే ఈ నంబర్లే కలవలేదని. ఆలస్యం తగ్గాలంటే ఆడియో బఫర్‌ను, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దాన్ని, 128 శాంపిల్స్‌కు తగ్గించండి. 48,000 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.7 మిల్లీ సెకన్లు, అదే 1024 అయితే 21. మాడ్యూల్ సొంత శబ్దం ఆపడం మర్చిపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది.

ప్రశ్న: మొదటి కిట్‌గా యాప్‌తో నడిచేది తీసుకోమంటున్నారు. మెష్ మంచిదా, రబ్బరా?

మెష్. ఇక యాప్ సంగతికి వద్దాం, నా కడుపుమంట అదే.

ఆమధ్య నా కిట్‌లో టామ్ అనే డ్రమ్ ప్యాడ్ కొడితే పక్కనున్న సింబల్ కూడా మోగడం మొదలెట్టింది. ఒక ప్యాడ్ అదురు ఇంకో ప్యాడ్‌కు తగలడమే, పెద్ద రోగమేం కాదు. సింబల్ థ్రెషోల్డ్, అంటే అది మోగడానికి కావాల్సిన కనీస దెబ్బ, కాస్త పెంచితే సరిపోతుంది. ఆ ఒక్క అంకె మార్చడానికి మాడ్యూల్ మీద బటన్ లేదు. యాప్ తెరిచాను. ఖాతా తెరవమంది. తెరిచాక లొకేషన్ అడిగింది, ఆపై కాంటాక్ట్స్. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి, అది నిజమే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇంకా పాత పద్ధతిలోనే అడుగుతున్నారంటే బద్ధకం. మరి కాంటాక్ట్స్ ఎందుకు? నా టామ్ ఎవరికి ఫోన్ చేస్తుంది?

కాదన్నాను. యాప్ మూసుకుపోయింది. సింబల్ స్టాండును టామ్‌కు జానెడు దూరం జరిపితే మోత ఆగింది.

కొనేముందు అమ్మేవాళ్ల దగ్గరే ఫోన్ జేబులో పెట్టి, యాప్ లేకుండా స్నేర్ సెన్సిటివిటీ మార్చి చూపించమనండి.