క్రిస్మస్ ఏడాదంతా ఉండాలంటే క్యారల్స్ లిస్టు పారేయకండి

డిసెంబర్ 26 పొద్దున్నుంచే ఇల్లు బోసిపోతుంది, స్టార్ దించేసరికి పండుగ మనసులోంచి కూడా వెళ్ళిపోతుంది, పిల్లల్లో ఈ ఉత్సాహం ఏడాది పొడవునా ఎలా ఉంచాలి అని అడిగారు కదా. నేను పుట్టి పెరిగింది చిత్తూరులో, ఇప్పుడు ఉండేది తిరుపతిలో, చిన్నప్పట్నుంచీ క్వయర్‌లో పాడుతున్నాను. మా చర్చి సంఘంలో మేం చేస్తున్నది చెప్తాను, మీకు పనికొస్తుందనే నమ్మకంతో.

ముందు ఒక మాట. ఉత్సాహాన్ని పట్టి ఉంచాలని చూడకండి, అది వస్తుంది పోతుంది. డిసెంబర్‌లో మనం చేసే పనుల్లో ఏదో ఒక్కటి ఎంచుకుని మిగతా నెలల్లో కూడా అదే చేయండి. మేం ఎంచుకున్నది ఇళ్ళకి వెళ్ళడం.

డిసెంబర్ వచ్చిందంటే రాత్రిళ్ళు క్యారల్స్‌కి బయల్దేరతాం. ఒక వ్యాను, డోలక్, క్రిస్మస్ తాత వేషం వేసిన కుర్రాడు, ఎవరో ఒకరి చేతిలో ఇళ్ళ లిస్టు. ఇంటికి ఐదు పది నిమిషాలు: పాట, ప్రార్థన, కేకు ముక్క, కానుక కవరు, పదండి పదండి టైమైంది. ఆ కాసేపట్లోనే ఆ ఇంట్లో ఎవరు చిక్కిపోయారో, ఎవరి మంచం ఖాళీ అయిందో అన్నీ కళ్ళకి కనబడతాయి, కనబడినా ఆగం, ఎందుకంటే ఇంకా బోలెడు ఇళ్ళున్నాయి, ఆ తర్వాత పదకొండు నెలలు ఆ గడప తొక్కేవాళ్ళం కాదు.

మా లిస్టు ఒక లాంగ్ నోట్‌బుక్. ఇంటివాళ్ళ పేరు, వీధి, ఎన్నింటికి రావాలి, ఇంతే రాసేవాళ్ళం. పక్కన మార్జిన్‌లో మాత్రం పాడేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు పెన్సిల్‌తో రాసిపెట్టేవాళ్ళు. ‘మెట్లెక్కలేరు, కింద నిలబడి పాడాలి.’ ‘పాపకి పరీక్షలు, డోలక్ వద్దు.’ ‘కొడుకు బెంగళూరు, ఆమె ఒక్కరే.’ ‘పెద్దాయన మార్చిలో పోయారు, ఆయనకిష్టమైన పాట ఎత్తొద్దు.’ ఒక జనవరిలో ఆ పుస్తకం బీరువాలో పెట్టేముందు తిరగేస్తుంటే నాకు ఆ పెన్సిల్ రాతలే పండుగంతా అనిపించింది. ఏ ఇంటికి మనిషి కావాలో అక్కడ రాసే ఉంది, వెళ్ళడమే మిగిలింది.

అప్పట్నుంచి జనవరిలో ఆ ఇళ్ళని వీధుల వారీగా నెలలకి పంచుకుంటున్నాం. కొర్లగుంట వైపు ఒక నెల, రేణిగుంట రోడ్డు వైపు ఒక నెల, అలా. ముందు ఫోన్ చేసి ఇద్దరిద్దరు వెళ్తారు. కానుక కవరు తీసుకోం, వాళ్ళు అడిగితే తప్ప పొడుగు ప్రార్థన పెట్టం, ఫోటో తీసి స్టేటస్ పెట్టడం అసలు లేదు. ఫోటో తీస్తే వాళ్ళు నలిగిన చీర సర్దుకోవడంలో పడతారు, చెప్పాలనుకున్న కష్టం లోపలే ఉండిపోతుంది.

ఎండాకాలంలో ఒకింటికి వెళ్తే అవ్వ తలుపు తీసి మా చేతులకేసి చూసి, “ఏం నాయనా, ఇప్పుడేం పండగ? డోలు తేలేదే?” అనింది. ఊరికే చూసిపోదామని వచ్చినామవ్వా అన్నాం. కూర్చోమని చెప్పి, ఫ్రిజ్ మీద నుంచి మందుల కవరు తెచ్చి మా ముందు కుమ్మరించింది. బీపీ మాత్ర ఏదో, షుగర్ మాత్ర ఏదో, పొద్దున వేసుకునేది ఏదో ఆమెకి తెలియడం లేదు, స్ట్రిప్పు మీద అక్షరాలు కనబడటం లేదు. అడిగే మనిషి లేక రంగు చూసి వేసుకుంటోంది. మాతో వచ్చిన పిల్లవాడు పాత క్యాలెండర్ అట్ట మీద సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ గీస్తే, మేం డాక్టరు చీటీ చూసి ఏ బొమ్మ కింద ఏ స్ట్రిప్పో పిన్ను కొట్టి గోడకి తగిలించాం. తర్వాతి వారం మాలో ఒక అక్క ఆమెని అరవింద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇలాంటివే ఎక్కువ ఉంటాయి: పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్, ఫోన్ రీచార్జ్, గ్యాస్ బుకింగ్, కొడుక్కి వీడియో కాల్ కలిపి ఇవ్వడం. డబ్బు ఖర్చు చాలా తక్కువ, కూర్చునే ఓపిక మాత్రం కావాలి.

లూకా సువార్త రెండో అధ్యాయంలో యేసు పుట్టుక గురించి ‘సత్రములో వారికి స్థలము లేనందున’ అని చదువుతాం. చోటు దొరకకపోవడం ఎలా ఉంటుందో తిరుపతి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. క్రిస్మస్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినబడే రోజులు, కింద మా పాటలు, ఆ రద్దీలో గది దొరకని కుటుంబాలు రైల్వే స్టేషన్ ముందు దుప్పటి పరుచుకుని చంటిబిడ్డల్ని పక్కలో వేసుకుని పడుకుంటారు. చంద్రగిరిలో ఉండే మా పిన్ని దీనికి తన పద్ధతిలో జవాబిచ్చుకుంది. తమిళుల పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని గోవింద నామాలు చెప్పుకుంటూ భక్తులు నడిచి వస్తారు, తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారి వైపు పోయేవాళ్ళు మా పిన్ని ఇంటి ముందు నుంచే పోతారు. గేటు దగ్గర కుండలో నీళ్ళు, మజ్జిగ పెడుతుంది, దానికన్నా ముఖ్యంగా బయట బాత్రూం తాళం తీసి బకెట్ నింపి పెడుతుంది. రోజంతా రోడ్డు మీద నడిచే ఆడవాళ్ళకి అదెంత పెద్ద సాయమో వాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తుంది. గేటు మీద సిలువ ఉంటుంది, ఎవరూ దాని గురించి ఎత్తరు, పిన్ని కూడా ఎత్తదు. నన్నడిగితే సెప్టెంబర్, అక్టోబర్‌లో నేను చూసే క్రిస్మస్ అదే.

సెమీ క్రిస్మస్‌ల గురించి, అంటే 25కి ముందే చేసుకునే వేడుకల గురించి కూడా చెప్పాలి. డిసెంబర్ మొదలైనప్పట్నుంచి ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, సంఘంలో ఒకటి చేసి, 25 వచ్చేసరికి గొంతు పోయి ఒళ్ళు హూనమై, చాలామందిమి 26నే స్టార్ దించేస్తాం. సంఘ క్యాలెండర్ అలా చెప్పదు. నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అంటే కనిపెట్టుకుని ఉండే కాలం. 25న పండుగ మొదలవుతుంది, జనవరి 6న జ్ఞానుల పండుగ దాకా నడుస్తుంది. మా ఇంట్లో స్టార్ ఆరో తేదీ వరకు వెలుగుతుంది, కర్జికాయలు, నిప్పట్లు కూడా కొన్ని అప్పటికి దాచి పక్కిళ్ళకి ఆ రోజు పంపుతాం. ఆ తర్వాత వారంలోనే సంక్రాంతి, వాళ్ళ దగ్గర్నుంచి అరిసెలు వస్తాయి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదనే మన పాత మర్యాద ఉంది చూడండి, దానివల్ల రాకపోకలు ఏడాదంతా తెగవు.

ఇంకొకటి, హాస్టల్ పిల్లలకి డిసెంబర్‌లో కేకులు తెచ్చేవాళ్ళు బోలెడుమంది. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు నోట్‌బుక్కులు, చెప్పులు, బ్యాగు కావాలి, అప్పుడు ఎవరూ రారు. మీ పండుగ బడ్జెట్‌లో సగం తీసి జూన్‌కి పెట్టండి, వార్డెన్‌ని ముందే అడిగి ఏం కావాలో అదే కొనండి.

నాలుగిళ్ళకి వెళ్తే ఏం మారుతుంది అంటారేమో. చిత్తూరు వాళ్ళం జబ్బు ముదిరితే పరిగెత్తే వేలూరు సీఎంసీ ఆసుపత్రి, మిషనరీ డాక్టరు ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో తెరిచిన వైద్యశాల.

పిల్లల విషయానికొస్తే, వాళ్ళకి ఉపదేశం చేయకుండా ఒక ఇల్లు అప్పజెప్పండి. మా అబ్బాయి వంతు రిటైరైన ఒక లెక్కల మాస్టారు. ఆయన పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడం, తోతాపురి కాయలొచ్చినప్పుడు రెండు తీసుకెళ్ళి ఇవ్వడం వాడి బాధ్యత. మాస్టారు వాడికి భిన్నాలు నేర్పిస్తున్నారు, వాడు ఆయనకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పించాడు. మేం గుర్తుచేయక్కర్లేకుండానే ఆదివారం సాయంత్రం సైకిలెక్కుతాడు.

మీరు ఈ జనవరిలోనే మీ యూత్ లీడర్‌ని అడిగి క్యారల్స్ లిస్టు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, చాలాచోట్ల పండుగవగానే చించి పారేస్తారు. మీ వీధి ఇళ్ళు మాత్రం వేరే రాసుకోండి. అందులో ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎవరో మీ పిల్లల్నే అడగండి, వాళ్ళకి మనకన్నా బాగా తెలుస్తుంది. ఫిబ్రవరిలో మొదటి ఇంటికి వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి.