కాశీకి సైకిలు మీద బయలుదేరుతున్న అబ్బాయికి

కావలి

చిరంజీవి నాయనకు పెదనాయన ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్ళగానే నెల్లూరు నుంచి కాశీ దాకా సైకిలు మీద పోదలచినట్టు నీవు రాసిన ఉత్తరం అందింది. నేను నిన్ను వారించాలని మీ అమ్మ కోరుకుంటున్నదట. నేను వారించను. అయితే శివరాత్రి నాటికి కాశీలో ఉంటానని నీవు అందరికీ చెప్పిన మాట మాత్రం నాకు నచ్చలేదు. ముందుగా ఆ మాటను వెనక్కి తీసుకో.

1984లో ఇదే దారిన బయలుదేరినప్పుడు నేనూ మా అమ్మకు అలాంటి తేదీయే చెప్పాను. ఆదిలాబాదు దాటేసరికి కుడి మోకాలు వాచింది. రెండు రోజులు ఆగి ఉంటే తగ్గిపోయేదే. తేదీ తప్పుతుందన్న బెంగతో తొక్కుతూనే పోయి, నాగపూర్ చేరేసరికి కాలు ముడవలేని స్థితి రావడంతో సైకిలును రైలుకు వేసి ఇంటికి తిరిగి వచ్చాను. కాశీని చూసింది ఆ తర్వాత ఆరేళ్ళకు, ఎవరికీ ఏ తేదీ చెప్పకుండా బయలుదేరినప్పుడే. 1830 మే నెలలో మద్రాసు నుంచి శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్ళిన ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరిగి ఇల్లు చేరడానికి 15 నెలలు పట్టింది. నీ దారి సుమారు 1,750 కిలోమీటర్లు. రోజుకు 50 చొప్పున తొక్కితే 35 రోజులు అవుతుంది గాని, వారానికొక రోజు విశ్రాంతినీ, ఎవరైనా ఉండిపొమ్మన్నప్పుడు ఉండిపోయే రోజులనూ కలుపుకొని రెండు నెలలు చేతిలో పెట్టుకో. మొదటి వారం 40 కిలోమీటర్లు దాటవద్దు.

నీవు ఎంచుకున్న కాలం మంచిదే. మన జిల్లాకు నవంబరు తుఫానుల నెల. ఉత్తరాదిలో డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వల్ల తెల్లవారుజామున రోడ్డు కనబడదు. సంక్రాంతి తర్వాత వెళితే ఈ రెండూ తప్పుతాయి. అయితే ఆ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక చాలాదూరం నీకు ఎదురుగాలే. తెల్లవారగానే బయలుదేరి, గాలి పెరగకముందే సగానికి పైగా దూరం ముగించుకో.

ఇక సైకిలు సంగతి. నా మోకాలు చెడడానికి సగం కారణం తొందర అయితే, మిగతా సగం సీటు కిందికి ఉండడం. సీటు మీద కూర్చుని, పెడలును పూర్తిగా కిందికి తెచ్చి, మడమను దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అంతవరకూ సీటును ఎత్తించు. మా నల్ల సైకిలు టైరు ఏ పల్లె షాపులోనైనా దొరికేది. నీ గేర్ల సైకిలు టైరు దొరకదు. అందుచేత మడత పెట్టగల టైరు ఒకటి, ట్యూబులు రెండు వెంట ఉంచుకో. నీ ట్యూబుకు సన్నటి వాల్వు ఉంటే పల్లె పంపు పట్టదు కనుక, మధ్యలో బిగించే చిన్న ఇత్తడి పిన్ను కూడా కొనుక్కో. వెనక చక్రంలో ఫ్రీవీలు వైపు స్పోకులే ముందుగా తెగుతాయి. ఆ కొలతవి నాలుగు పెట్టుకో.

ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం దాకా రోడ్డు పక్కన సర్కారు తుమ్మ విస్తారంగా ఉంటుంది. నీడ కోసం సైకిలును దాని కిందికి తోయవద్దు. పంచరు పడినప్పుడు ప్యాచీ వేయగానే ట్యూబు ఎక్కించకుండా, టైరు లోపలంతా గుడ్డతో తుడిచి చూడు. ఆ గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. ఈ పని మరచి నేను ఒకే ముల్లుకు మూడు ట్యూబులు పాడు చేసుకున్నాను.

ఆ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. రెండు రోజులు తాగితే నీకు హాని లేదు గాని, అక్కడి వారిలో చాలామంది డబ్బా నీళ్ళు కొనుక్కుని తాగుతుంటారు. వారు పోసిచ్చిన చెంబెడు నీళ్ళు ఊరికే వచ్చినవి కావని గుర్తుంచుకో. చెమట ఎక్కువైన రోజున లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగు.

దోర్నాల నుంచి శ్రీశైలం దాకా పులుల అడవి. రాత్రివేళ ఆ దారిలో వాహనాలను పోనివ్వరు. చీకటి పడకముందే దోర్నాలలో బస చేసి, నీళ్ళు నింపుకుని, ఉదయం దారి తెరిచాక ఎక్కు. ఎక్కలేని చోట దిగి నడిపించుకుపో, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా రోజుల్లో కాశీ నుంచి కన్యాకుమారి దాకా ఉండిన 7వ నంబరు జాతీయ రహదారికి ఇప్పుడు హైదరాబాదు, నాగపూర్ల మధ్య 44 అని పేరు. అక్కడ రోడ్డు అంచున పోయేటప్పుడు వెనక లారీల కంటే ఎదురుగా తప్పుదారిన వచ్చే మోటారు సైకిళ్ళను ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

సామాను పన్నెండు కిలోలు మించకూడదు. క్యారియరుకు రెండు వైపులా కిందికి వేలాడేట్టు కట్టు, వీపున ఏమీ మోయవద్దు. ఈ ఆదివారం ఆ బరువుతోనే మైపాడు దాకా వెళ్ళి రా, మరుసటి వారం కావలికి మా ఇంటికి రా. రాత్రి ఇక్కడే పడుకుని ఉదయం వెళ్ళవచ్చు, నీ సీటు ఎత్తు నేనే చూస్తాను. మీ అమ్మకు వేరే ఉత్తరం రాస్తున్నాను. అందులో నీవు ఎప్పుడు తిరిగి వస్తావో నేనూ రాయలేదు.

ఇట్లు,
మీ పెదనాయన