పాత స్విఫ్ట్‌ని కిందికి దించే ముందు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 2009 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, పాత 1.3 లీటర్ ఇంజిన్, తుప్పు లేదు, ముందు బంపర్ తప్ప బాడీ అంతా కంపెనీ పెయింటే. పైగా ఆర్సీ మరో ఐదేళ్లకి రెన్యువల్ కూడా అయిపోయింది. మంచి బండి దొరికింది నీకు. 2005లో వచ్చిన ఆ మొదటి తరం స్విఫ్ట్ స్టీరింగ్ తిరిగే తీరే వేరు, ఇప్పటికీ నాకు దాని మీద మనసు పోలేదు. కారుని కిందికి దించాలి, అంటే నేల నుంచి దాని ఎత్తు తగ్గించాలి, అలాయ్ చక్రాలు వెయ్యాలి, లోపల నా ఇష్టానికి తగ్గట్టు మార్చుకోవాలి, అదంతా ఇంటి దగ్గరే నా చేతులతో చేసుకోవాలి అని రాశావు. చేసుకో. నాకైతే చాలా సంతోషంగా ఉంది. కాకపోతే దీనికి ఒక వరుస ఉంది, అది తప్పితే డబ్బులూ పోతాయి, బండీ పాడవుతుంది.

ముందుగా చెప్పేది ఇది: కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. డిస్కౌంట్ ఉంది, రేపటితో అయిపోతుంది అన్నా సరే పెట్టకు. పదిహేనేళ్లు దాటిన కారులో రబ్బరన్నది రబ్బరులా ఉండదు. చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బర్లు, చీలి ఉంటాయి, స్ట్రట్ (ముందు స్ప్రింగూ షాకూ కలిసిన కడ్డీ) పైన ఉండే రబ్బరు మౌంట్లు కుంగి ఉంటాయి, స్ప్రింగ్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాపులు చేత్తో నలిపితే పొడి అయిపోతాయి. అలాంటి కారుకి గట్టి స్ప్రింగులు వేస్తే రోడ్డు కొట్టే ప్రతి దెబ్బా నేరుగా ఆ పాత రబ్బర్ల మీదే పడుతుంది, కొన్నాళ్లకే డ్యాష్‌బోర్డు నుంచి డిక్కీ దాకా అన్నీ గలగలమంటాయి. లోయరింగ్ చేయిస్తే కారు గుల్లయిపోతుందని జనం అనేది చాలావరకు ఇందుకే. స్ప్రింగులు చెడ్డవి కావు, వాటి చుట్టూ ఉన్నవి అప్పటికే చచ్చిపోయి ఉంటాయి.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ముందు చక్రం గాలిలోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపు, వదులుగా ఆడితే బేరింగో బాల్ జాయింటో పోయినట్టు. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడిందంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ చూడాలి. తర్వాత కారు నేల మీద ఉండగా మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పమను, నువ్వు చక్రం పైన సందులోంచి చెయ్యి పెట్టి స్ప్రింగ్ మీద వేళ్లు ఆనించు, చెయ్యి నలగకుండా చూసుకో. స్ప్రింగ్ మెత్తగా తిరగాలి. అలా కాకుండా బిగుసుకుని టక్కున ఎగిరినట్టు తిరిగితే పైన ఉన్న స్ట్రట్ బేరింగ్ అయిపోయింది. షాక్ అబ్జార్బర్ ఒంటి మీద ఆయిల్ తడి ఉంటే దాని గురించి ఇక ఆలోచించక్కర్లేదు, మార్చడమే. ఈ సామాను ఒరిజినల్ పార్ట్‌లే కొను, బుష్‌ల దగ్గర లోకల్ సరుకుకి వెళ్లకు. ఇవన్నీ వేశాక కంపెనీ స్ప్రింగుల మీదే కొన్నాళ్లు తిప్పు. కారు అసలు ఎలా నడవాలో అప్పుడు తెలుస్తుంది, చాలామందికి సగం కోరిక అక్కడే తీరిపోతుంది.

ఇక చట్టం సంగతి. ఇది నీకెవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఎత్తు తగ్గించడం కూడా కంపెనీ స్పెసిఫికేషన్ దాటడమే, అందరూ చేస్తున్నారు కదా అని తేలిగ్గా తీసుకోకు. స్ప్రింగులు కొనకముందే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకో. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే చెప్పకుండా చేసిన మార్పు చూపించి క్లెయిమ్ ఆపేస్తారు, అప్పుడు ఆ స్ప్రింగులు అమ్మిన షాపువాడు నీ ఫోనెత్తడు. కుదరదు అని జవాబొస్తే కొత్త బుష్‌లు, కొత్త షాక్స్, మంచి టైర్లు, లోపలి పని దగ్గర ఆగిపో. దానివల్ల నీ ప్రాజెక్టు చిన్నదైపోదు.

సరే, దారి క్లియర్ అయ్యిందనుకుందాం. ఎంత దించాలి? ఆ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య సందు, 170 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ కారుకి. నా లెక్కలో 25, మహా అయితే 30 మిల్లీమీటర్లు. అంతకంటే వద్దు. రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అలా ఉంటే దించిన కారు కూడా హాయిగా దాటుతుంది. కానీ మన కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిబ్బలకి రూల్ ఎక్కడిది? దానికి తోడు మీ మియాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. అందుకని ముందు ఒక పరీక్ష చెయ్యి. మూడు సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ ముక్కలు కోసి ముందు బంపర్ కింది అంచుకి, రెండు పక్కలా డోర్ల కింద సిల్‌కి, ఇంజిన్ కింద అడ్డంగా ఉండే దూలానికి (క్రాస్ మెంబర్) గట్టి టేపుతో అంటించు. సైలెన్సర్ పైపు దగ్గరకి మాత్రం వెళ్లనివ్వకు, కరిగిపోతుంది. నలుగుర్ని ఎక్కించుకుని ర్యాంపు ఎక్కి దిగు, నువ్వు రోజూ ఆఫీసుకి వెళ్లే దారంతా ఒకసారి తిరిగి రా. ఏ ముక్క గీసుకుపోయిందో చూడు. దించిన తర్వాత రోడ్డుకి తగిలేది అక్కడే. అన్నీ నలిగిపోతే ఇక స్ప్రింగుల మాట మర్చిపో.

పాత స్ప్రింగుల్ని ఒక చుట్టు కోసేస్తే చవకలో అయిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. గ్యాస్‌తో కాల్చి కుంగదీసే వాళ్లు కూడా ఉన్నారు. రెండూ వద్దు. కాల్చిన స్ప్రింగ్‌కి పదును పోయి గుంతలో పడినప్పుడు ఎటు విరుగుతుందో తెలీదు. కోసిన స్ప్రింగ్ చివర సీటు మీద సరిగ్గా కూర్చోదు, చక్రం గాలిలోకి లేచినప్పుడు వదులైపోయి పక్కకి జరుగుతుంది, తిరిగి దిగేసరికి దాని చోట అది ఉండదు. ఈ విషయంలో నాతో వాదించకు. నీ కారుకే తయారైన స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్స్, రెండూ కలిపి సెట్‌గా తీసుకో, పాత స్ప్రింగులు పారెయ్యకుండా కవర్‌లో చుట్టి దాచు.

పని మొదలుపెట్టే ముందు సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకో. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి మారిపోతుంది, చక్రం మధ్య నుంచి కొలిస్తే మారదు. కారుని జాకీ మీద వదిలి కింద చెయ్యి పెట్టకు, స్టాండ్లు కావాలి, ఇటుకలు పనికిరావు. ముందు స్ట్రట్ విప్పేటప్పుడు బ్రేక్ హోస్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు లాక్ కాకుండా చూసేది) ఉంటే దాని వైరు క్లిప్పుల్లోంచి ముందే తప్పించు.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. స్ట్రట్ పైన మధ్యలో ఉన్న పెద్ద నట్టు స్ప్రింగ్ శక్తినంతా ఆపి పెట్టి ఉంటుంది. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో నొక్కిపెట్టకుండా ఆ నట్టు విప్పితే మనిషి ప్రాణం పోతుంది, నేను పెద్దమాట అనడం లేదు. మంచి కంప్రెసర్ అద్దెకి తెచ్చుకో, రెండు కొక్కేలూ స్ప్రింగ్‌కి సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఇటు రెండు చుట్లు అటు రెండు చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించు. స్ప్రింగ్ సీటు మీద వదులై చేత్తో కదిలే దాకా నట్టు ముట్టుకోకు, ముఖం దాని ఎదురుగా పెట్టకు. వెనక ఇంత కష్టం లేదు, స్ప్రింగూ షాకూ విడివిడిగా ఉంటాయి, రెండు పక్కలా షాక్ కింది బోల్టులు తీసి యాక్సిల్‌ని జాకీతో నిదానంగా దించితే స్ప్రింగ్ చేతికి వచ్చేస్తుంది. అప్పుడు కూడా బ్రేక్ హోస్ లాగబడుతోందా అని ఒక కన్ను వేసి ఉంచు.

చాలా గ్యారేజీల్లో కూడా చెయ్యని పని ఒకటుంది. లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక యాక్సిల్ బుష్ బోల్టులు కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చేత్తో తిరిగినంత వరకు తిప్పి వదిలెయ్యి, కారుని చక్రాల మీద దించి, ముందుకీ వెనక్కీ నాలుగడుగులు తోసి, బరువంతా పడ్డాక కొత్త ఎత్తులో ఉండగా టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా)తో సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంత బిగించు. గాలిలో బిగిస్తే కారు దిగీ దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, కొత్త బుష్ కొన్ని నెలలకే చినిగిపోతుంది. తర్వాత ఒక ఐదొందల కిలోమీటర్లు తిప్పి స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ వీల్ అలైన్‌మెంట్ చేయించు. అక్కడ అంకెలున్న కాగితం అడిగి తీసుకో, ఓకే సార్ అంటే ఊరుకోకు. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడాగా ఉంటే టైరు లోపలి అంచు నీకు కనిపించకుండా అరిగిపోతుంది.

ఏబీఎస్ లేని మోడల్ అయితే వెనక యాక్సిల్ దగ్గరకి దూరి చూడు, యాక్సిల్‌కీ బాడీకీ మధ్య చిన్న స్ప్రింగో రాడ్డో ఒక వాల్వ్‌కి తగిలించి ఉందేమో. ఉంటే అది వెనక బరువుని బట్టి బ్రేక్ ప్రెషర్ మార్చే వాల్వ్. కారు కిందికి దిగితే బరువెక్కిందనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ పంపిస్తుంది, వానలో వెనక చక్రాలు లాక్ అవుతాయి. దాన్ని మాత్రం బ్రేకుల పని తెలిసిన వాడితోనే సెట్ చేయించు. హెడ్‌లైట్ల ఎత్తు కూడా గోడ ముందు నిలబెట్టి మళ్లీ సరిచేసుకో.

అలాయ్స్‌కి వద్దాం. నీ కారుకి వచ్చిన సైజు 165/80 ఆర్14 (165 మిల్లీమీటర్లు టైరు వెడల్పు, అందులో 80 శాతం సైడ్‌వాల్ అనే పక్క గోడ ఎత్తు, 14 ఇంచులు రిమ్ము), చక్రం మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15 వేస్తే 621, అంటే స్పీడోమీటర్ కూడా తేడా చూపించదు. 195/55 ఆర్15 చూడ్డానికి బాగుంటుంది కానీ ఎత్తు 595కి పడిపోతుంది, క్లియరెన్స్ ఇంకో 12 మిల్లీమీటర్లు పోతుంది, తిరిగిన కిలోమీటర్ల మీటర్ కూడా ఎక్కువ చూపిస్తుంది. నాకైతే పదిహేను ఇంచులు దాటడం ఇష్టం లేదు, మన గుంతలకి సైడ్‌వాల్ ఉండాలి. నాలుగు బోల్టులు, వంద పీసీడీ (బోల్టులుండే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) అని సరిపెట్టుకోకుండా ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో, చూడు, మధ్య రంధ్రం చక్రం బిగించే హబ్‌కి పెద్దదైతే రింగులు వేయించు, లేకపోతే ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. టైరు మీద నాలుగంకెల తేదీ చదువు, చివరి రెండూ సంవత్సరం. షాపులో మూడేళ్లు పడున్న టైర్లు కొత్తవని అంటగడతారు.

లోపలి పని నీ ఇష్టం, అక్కడ నేను అడ్డం రాను. సీట్లకి మంచి క్లాత్, స్టీరింగ్‌కి చేత్తో కుట్టిన లెదర్, డోర్లలో మోత తగ్గించే డ్యాంపింగ్ షీట్లు, ఇవే నాకు నచ్చుతాయి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే స్టీరింగ్ మార్చకు. స్టీరియోకి వైర్లు కత్తిరించకుండా కప్లర్ (నేరుగా గుచ్చే ప్లగ్గు) కొనుక్కో, ఆంప్లిఫయర్ పెడితే బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టు. హెడ్‌లైట్లలో 60/55 వాట్ల బల్బే ఉంచు, వంద వాట్లు వేస్తే హోల్డర్ కరుగుతుంది. నల్ల ఫిల్మ్ వద్దు, మోత సైలెన్సర్ వద్దు. పూర్తి రంగు మార్చాలనిపిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి, నాకు మాత్రం ఆ నీలం అలాగే పాలిష్ పట్టి ఉంచితేనే బాగుంటుందనిపిస్తోంది.

ముందు స్ట్రట్లు విప్పే పని మాత్రం నేను వచ్చాకే పెట్టుకో. దసరాకి అక్కడ ఉంటాను. ఈలోగా బుష్‌లూ మౌంట్లూ తెప్పించి ఉంచు, థర్మోకోల్ ముక్కల ఫోటోలు, ఆ నాలుగు కొలతలు వాట్సాప్ చెయ్యి. సెల్లార్‌లో పక్కవాళ్ల పార్కింగ్ కూడా రెండు రోజులకి అడిగి పెట్టమని మీ అమ్మకి చెప్పు, స్టాండ్లూ టార్క్ రెంచూ నేను బెజవాడ నుంచి తెస్తాను.

మీ మామయ్య