భగినీ హస్త భోజనం ఆయుష్షు కోసమేనా?

సోదరి ఇంట ఆమె చేతి భోజనం చేసే భగినీ హస్త భోజనం యముడిని తప్పించుకోవడానికి చేసే ఉపాయమేనా, దానికి ఆధ్యాత్మికమైన అర్థం వేరే ఏదైనా ఉందా అని మీరు అడిగారు. ఇదే ప్రశ్నను కొన్నేళ్ల క్రితం మా తమ్ముడు నన్ను చాలా కటువుగా అడిగాడు. ఆ ఏడాది శ్రావణంలో మా అన్నయ్య కాలం చేశాడు. కార్తీకం రాగానే, విదియ నాడు భోజనానికి రమ్మని తమ్ముడికి ఫోన్ చేస్తే, “పందొమ్మిదేళ్లు ఒక్క ఏడూ తప్పకుండా నీ చేతి అన్నం తిన్న అన్నయ్యకు ఏ ఆయుష్షు వచ్చింది అక్కయ్యా?” అన్నాడు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తరువాత చదివి తెలుసుకున్నదీ, వడ్డిస్తూ వడ్డిస్తూ నాకు తోచినదీ ఇక్కడ రాస్తున్నాను.

దీపావళి అమావాస్య వెళ్లిన రెండో రోజు, అంటే కార్తీక శుద్ధ విదియను యమ ద్వితీయ అంటారు. ఉత్తరాదిన భాయ్ దూజ్, మహారాష్ట్రలో భావుబీజ్, బెంగాల్‌లో భాయ్ ఫోంటా, నేపాల్‌లో భాయ్ టీకా అని చేసుకునేది ఈ పండుగనే. అక్కడ సోదరుడి నుదుట పెట్టే బొట్టుకు ప్రాధాన్యం, మన సంప్రదాయంలో భోజనానికి ప్రాధాన్యం. తోబుట్టువు లేనివారు పెదనాన్న, చిన్నాన్నల కూతుళ్ల ఇంట్లోనో, సోదరిగా భావించే వారి ఇంట్లోనో తినవచ్చు.

కథ మీకు తెలిసే ఉంటుంది. యముడు, యమున సూర్యుడికీ సంజ్ఞాదేవికీ కలిగిన కవలలు. చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా పని ఒత్తిడి వల్ల వెళ్లలేకపోయిన యముడు చివరకు ఒక విదియ నాడు ఆమె ఇంటికి వెళ్లి తృప్తిగా భోంచేసి, వరం కోరుకోమన్నాడు. ఏటా ఈ రోజున నీవు రావాలి, ఈ రోజున సోదరి చేతి భోజనం చేసినవారికి నరక భయం ఉండకూడదు అని ఆమె కోరింది. ఆమె కోరినది భయం ఉండకూడదని మాత్రమే, చావు ఉండకూడదని కాదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అపమృత్యువు తొలగుతుందని మన పెద్దలు చెప్పే మాటను కూడా నేను కాదనను. కానీ అన్నం పెట్టి ఆయుష్షు కొనుక్కునే బేరంగా ఈ పండుగను చూస్తే, మా తమ్ముడి ప్రశ్నకు ఎవరూ బదులు చెప్పలేరు.

బదులు నాకు వేదంలో దొరికింది. మనం దున్నపోతు మీద పాశం పట్టుకుని వచ్చే యముడినే ఊహించుకుంటాం గాని, అథర్వవేదం పద్దెనిమిదో కాండ ఆయనను మర్త్యులలో మొట్టమొదట మరణించినవాడిగా చెబుతుంది. అందరికన్నా ముందు ఆ దారిన నడిచి, వెనుక వచ్చేవారికి దారి చూపినవాడు కనుకనే ఆయన పితృలోకానికి రాజయ్యాడు. యజుర్వేదానికి చెందిన మైత్రాయణీ సంహితలో ఇంకొక చిన్న కథ ఉంది. యముడు పోయిన తరువాత దేవతలు ఆయన సోదరి యమిని ఎంత ఓదార్చినా, ఆమె “ఈ రోజే పోయాడు” అంటూ ఉండేదట. అప్పటికింకా రాత్రి అనేది లేదు. ఇలాగైతే ఈమె ఎన్నటికీ మరువలేదని దేవతలు రాత్రిని సృష్టించారు. రాత్రి గడిచి మరునాడు వచ్చింది, ఆమె దుఃఖం మరిచింది. అన్నయ్య పోయిన నెలలో నాకూ ప్రతి ఉదయం “ఈ రోజే” అనిపించేది. అందుకే ఆ కథ చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఆ యమియే మన పురాణాలలో యమున. అలా చూస్తే యమ ద్వితీయ నాడు ఆమె ఇంటికి భోజనానికి వస్తున్నది, తాను పోగొట్టుకున్న సోదరుడే. ఇది నా అవగాహన మాత్రమే, శాస్త్ర నిర్ణయం కాదు.

కఠోపనిషత్తును కూడా దీని పక్కన పెట్టి చూడండి. నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు అన్నం లేకుండా వేచి ఉంటాడు, అతిథిని పస్తుంచినందుకు యముడు నొచ్చుకుని మూడు వరాలు ఇస్తాడు. అక్కడ అన్నం పెట్టలేకపోయిన గృహస్థుడు, ఇక్కడ ఆకు ముందు కూర్చున్న అతిథి. మృత్యువుకు కూడా ఒక పుట్టింటి బంధం ఉంది, దానికీ ఎదురుచూసే ఒక చెల్లెలు ఉంది అని తెలిసినప్పుడు భయం తగ్గుతుంది. యమునోత్రి ఆలయాన్ని శీతాకాలానికి ఈ రోజునే మూస్తారు, ఖర్సాలీ గ్రామం నుంచి శనిదేవుడి పల్లకి వచ్చి సోదరి యమునను వెంట తీసుకువెళుతుంది. ఆ కుటుంబంలో అందరూ భయపెట్టే దేవతలే అనుకుంటాం గాని, ఈ ఒక్క రోజు వారందరూ తోబుట్టువులు.

వడ్డించేటప్పుడు సోదరి చెప్పే శ్లోకం ఒకటి ఉంది. చెల్లెలైతే “భ్రాతస్తవానుజాతాహం” అని, అక్కయితే “భ్రాతస్తవాగ్రజాతాహం” అని మొదలుపెట్టి, యమరాజు ప్రీతి కోసం, విశేషించి యమున ప్రీతి కోసం ఈ అన్నం తినమని అడుగుతుంది. నేను నడిమిదాన్ని కనుక ఏటా రెండు విధాలుగానూ చెప్పేదాన్ని.

ఆ ఏడాది తమ్ముడు చివరకు వచ్చాడు. మైల తీరింది కనుక తప్పు లేదని పురోహితులు చెప్పారు. ఆకు వేసి, అన్నం, పప్పు, నెయ్యి వడ్డించి, అగ్రజాతాహం అని శ్లోకం ముగించాను. వాడు చేయి కలపలేదు. “అన్నయ్యది కూడా చదువు అక్కయ్యా” అన్నాడు. అనుజాతాహం అనే మాట దగ్గర నా గొంతు ఆగింది, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాను. అన్నయ్య కంద బచ్చలి కూరను ఆకు చివర అట్టేపెట్టుకుని పెరుగన్నంలో నంజుకునేవాడు. ఆ కూర ఎన్నడూ ముట్టని తమ్ముడు ఆ రోజు అడిగి వేయించుకుని, ఆకు చివరకు జరిపి, పెరుగన్నం వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచాడు.