ముక్కు లావెక్కి గుంతలు పడుతోంది.. మందులతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 56. ఎల్బీ నగర్‌లో ఉంటాను. ఉద్యోగరీత్యా రోజంతా బండి మీదే తిరుగుతాను. ఐదారేళ్లుగా ముక్కు కొన ఎర్రబడి లావెక్కుతోంది. చర్మరంధ్రాలు పెద్దవయ్యాయి, నొక్కితే తెల్లగా పిండిలా వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మంట. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నాను. మద్యం ముట్టను, అయినా అందరూ తాగుడే కారణమంటున్నారు. ఆపరేషన్ తప్పదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది రైనోఫైమా అనిపిస్తోంది. ముందుగా మద్యం సంగతి. ఇది చుక్క ముట్టనివారికీ వస్తుంది. తాగినప్పుడు రక్తనాళాలు విప్పారి ఎరుపు పెరుగుతుంది కాబట్టి జనంలో ఆ అపోహ పాతుకుపోయింది. అలా అనేవాళ్లకు ఈ జవాబు చూపించండి.

రొసేషియా అనే చర్మ సమస్యలో ఇదొక రూపం. ఏళ్ల తరబడి వాపు ఉండటంతో ముక్కు మీది నూనె గ్రంథులు ఉబ్బుతాయి, వాటి చుట్టూ పీచు కణజాలం పేరుకుంటుంది. యాభై దాటిన మగవారిలో ఎక్కువ. మన చామనఛాయ చర్మంపై తొలిదశ ఎరుపు అంతగా తెలియదు, మొటిమలే అనుకుని ఊరుకుంటారు.

మీ విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఆ క్రీము. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేరుందేమో చూడండి. ఉంటే అది స్టిరాయిడ్. రాసినన్నాళ్లు ఎరుపును అణచి, చర్మాన్ని పలుచన చేసి, రొసేషియాను ఇంకా ముదరబెడుతుంది. మానేశాక కొన్ని వారాలు మంట, ఎరుపు పెరుగుతాయి. అప్పుడే చాలామంది భయపడి మళ్లీ అదే రాస్తారు. డాక్టర్ పర్యవేక్షణలో మానేస్తే ఈ దశ దాటొచ్చు.

మందులు వాపును తగ్గిస్తాయి. ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము లేదా మెట్రోనిడజోల్ 0.75 శాతం జెల్, దాంతోపాటు 8 నుంచి 12 వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఇస్తారు. ఈ మాత్రను గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట వరకూ పడుకోకూడదు. లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. పాలు, క్యాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే సరిగా పనిచేయదు. నూనె గ్రంథులు కుంచించుకుపోవడానికి తక్కువ మోతాదులో, అంటే రోజుకు 10-20 మి.గ్రా., ఐసోట్రెటినాయిన్ కొన్ని నెలలు ఇస్తారు. ఇది రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వును పెంచుతుంది. స్టెంట్ ఉన్న మీకు ముందుగా లిపిడ్ (రక్తంలో కొవ్వు), లివర్ పరీక్షలు తప్పనిసరి. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ ఒకేసారి వాడకూడదు, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదముంది.

అయితే పీచుగా గట్టిపడిన భాగం ఏ మాత్రకూ కరగదు. దాన్ని కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనో, ఎలక్ట్రోసర్జరీతోనో (విద్యుత్ వేడితో కోయడం), బ్లేడుతోనో పొరలు పొరలుగా చెక్కి ఆకారం తెస్తారు. ముక్కుకు మాత్రమే మత్తు ఇస్తే చాలు. ఇక్కడ నేర్పంతా లోతులోనే ఉంది. కొత్త చర్మం నూనె గ్రంథుల అడుగు భాగం నుంచే పుట్టుకొస్తుంది. అదీ చెక్కేస్తే మచ్చ పడి ముక్కుపుటాల అంచు పైకి లాక్కుపోతుంది. మరీ పైపైన చెక్కితే మళ్లీ పెరుగుతుంది. పుండు మానడానికి రెండు మూడు వారాలు, ఎరుపు పోవడానికి కొన్ని నెలలు పడుతుంది. మన చర్మానికి ఆ చోట నల్లబడటమో తెల్లబడటమో ఉండొచ్చు.

కాబట్టి ముందు వాపు చల్లారాలి, ఆ తర్వాతే ఆకారం సంగతి. రక్తం పలుచబడే మాత్రలను మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోవచ్చు. సర్జన్, గుండె డాక్టర్ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఐసోట్రెటినాయిన్ వాడి ఉంటే లోతుగా చెక్కే ముందు సాధారణంగా ఆరు నెలలు ఆగుతారు.

ఒకవైపే వేగంగా పెరుగుతున్నా, మానని పుండు ఉన్నా, రక్తం కారుతున్నా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాలి. బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ ఇందులో దాగి ఉండొచ్చు. చర్మ క్షయ, సార్కాయిడోసిస్ (అవయవాల్లో వాపు గడ్డలు కట్టే జబ్బు), కుష్ఠు కూడా ముక్కును ఇలా లావెక్కించగలవు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోని చర్మ విభాగాల్లోనూ చూపించుకోవచ్చు.

బండి మీద తిరిగే మీకు ఎండే పెద్ద శత్రువు. జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖమంతా రాయండి, రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. పొగలు కక్కే చాయ్, మిర్చి బజ్జీల్లో మీకు ఏది ఎరుపు తెస్తుందో గమనించి దాన్నే తగ్గించండి, అన్నీ మానక్కర్లేదు. నిమ్మరసం, టూత్‌పేస్ట్ పూయకండి, రంధ్రాలు నొక్కకండి. కళ్లలో ఇసుక పడినట్టు గరగరలాడుతున్నా, ఎర్రబడుతున్నా కంటి డాక్టర్‌కు చూపించండి, రొసేషియా కంటికీ పాకుతుంది.