షెల్ఫ్ మీద ఏం అంటించాలన్నది రెండో ప్రశ్న

చెక్క విల్లు షెల్ఫ్ (పిడికి పైన బాణం ఆనే చిన్న మెట్టు) మీద వార్నిష్ అరిగిపోతోందని, బాణం లాగేటప్పుడు గీరుకున్న శబ్దం, వదిలినప్పుడు టక్కుమనే చప్పుడు వస్తున్నాయని రాశారు. తోలు అంటించాలా, బొచ్చు తోలు అంటించాలా, వెల్క్రో చాలా అని అడిగారు. మీరు చెప్పిన ఆ రెండు చప్పుళ్లూ ఒకటి కావు. లాగేటప్పుడు వచ్చేది రాపిడి, దానికి మెత్తని పొర చాలు. వదిలినప్పుడు వచ్చే టక్కు మాత్రం దెబ్బ. బాణం ఎక్కడో విల్లుకు తగులుతోంది. దాన్ని మెత్తతో కప్పితే చప్పుడు తగ్గినట్టు అనిపించవచ్చు కానీ తగలడం ఆగదు. ఈ తేడా చెప్పకుండా "మందంగా ఏదైనా అంటించండి" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ సలహా విని దాదాపు రెండు నెలల సాధన పోగొట్టుకున్నాను.

నాది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే విల్లు. కొన్నప్పుడు షెల్ఫ్ మీద ఒక పొర పలుచని తోలు ఉండేది. కొత్త అల్లెతాడు ఎక్కించాక టక్కు మొదలైంది. తాడే మోగుతోందనుకుని దానికి రెండు వైపులా ఉన్ని కుచ్చులు కట్టాను. తాడు రొద తగ్గింది, టక్కు ఉండిపోయింది. తోలు మీద వెల్క్రో మెత్తని వైపు అంటించాను, చప్పుడు పెరిగింది. దాని మీద బొచ్చు తోలు వేశాను, ఇంకా పెరిగింది. షెల్ఫ్ పక్కన బాణం ఆనుకునే విల్లు గోడకు కూడా మందపాటి ముక్క అంటించేసరికి బాణాలన్నీ గురికి ఎడమగా పోవడం మొదలైంది. నాది కుడిచేతి వాటం. పక్కన మందం పెరిగితే బాణం విల్లు మధ్యరేఖ నుంచి బయటికి జరుగుతుంది, అది మరింత బిరుసు బాణంలా ప్రవర్తిస్తుంది. అప్పట్లో ఇది తెలియక లోపం నా చేతిలో ఉందనుకుని వదిలే తీరు మార్చుకోవడానికి తంటాలు పడ్డాను. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి మళ్లీ కొన్ని వారాలు పట్టింది.

ఒక సాయంత్రం మైదానంలో అందరూ వెళ్లిపోయాక, మాకు విలువిద్య నేర్పిన పెద్దాయన నా వెనక నిలబడి కళ్లు మూసుకున్నారు. "వరసగా ఆరు వేయండి" అన్నారు. వేశాను. లక్ష్యం వైపు చూడనైనా లేదు. నేరుగా వెళ్లి బాణాలు పీకి తెచ్చి ఈకలు నా ముందు పెట్టారు. ఆరింటిలోనూ ఒకే ఈక అంచు చిరిగి పీచుగా ఉంది. అది షెల్ఫ్ వైపు ఉండే అడుగు ఈక. మిగిలిన రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. తరవాత షెల్ఫ్ మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి ఒక్క బాణం వేయించారు. పౌడరు మీద గీత పడింది, అడుగు ఈక మొదలు తెల్లబడింది. బాణం వెనక భాగం కిందికి దిగి షెల్ఫ్‌ను కొట్టుకుంటూ పోతోంది.

కారణం తాడు మీది నాకింగ్ పాయింట్, అంటే బాణం వెనక కొసను తాడుకు ఎక్కడ తగిలించాలో చూపే గుర్తు. కొత్త తాడుకు దాన్ని కిందుగా కట్టుకున్నాను. నేను ఒక్కో పొరా అంటించిన కొద్దీ షెల్ఫ్ ఎత్తు పెరిగింది, నాకింగ్ పాయింట్ దానితో పోలిస్తే ఇంకా కిందికి పోయినట్టయింది. మెత్తదనం పెంచిన కొద్దీ చప్పుడు పెరిగింది అందుకే. పొరలన్నీ పీకేసి, ఒక్క పలుచని తోలు ఉంచి, పాయింట్‌ను 3 మిల్లీమీటర్లు పైకి జరిపాం. టక్కు సగం తగ్గింది. ఇంకొక 1.5 మిల్లీమీటర్లు జరిపితే పూర్తిగా పోయింది. ఒక వేలు పైన, రెండు వేళ్లు కింద పెట్టి లాగేవాళ్లు షెల్ఫ్ నుంచి తాడుకు లంబంగా గీసిన గీత తాడును తాకే చోటికి సుమారు 12 మిల్లీమీటర్లు పైన దాన్ని కట్టి అక్కడి నుంచి సరిచూసుకోవచ్చు. మూడు వేళ్లూ కింద పెట్టేవాళ్లకు సాధారణంగా ఇంకాస్త పైకి కావాలి.

వదిలిన క్షణంలో బాణం విల్లును చుట్టి వంగుతూ పోతుందని 1930లలోనే హై-స్పీడ్ కెమెరాతో చూశారు. బాణం బిగువు, అంటే కాండం ఎంత బిరుసుగా ఉందన్నది, మీ విల్లుకు సరిపోతే కాండం మొదట్లో కాసేపు ఆని తరవాత విల్లుకు దూరంగా జరుగుతుంది, ఈకలు తగలకుండా దాటిపోతాయి. పాయింట్ సరిచేసినా టక్కు పోకపోతే బాణం బిగువును అనుమానించండి. షెల్ఫ్ మీద నుంచి వేసేవాళ్లకు ప్లాస్టిక్ ఈకలు పనికిరావు. పక్షి ఈక తగిలితే మడుచుకుంటుంది, ప్లాస్టిక్ తగిలితే బాణాన్ని పక్కకు తన్నేస్తుంది. రంగులు బాగున్నాయని అవే కొనుక్కొచ్చి, షెల్ఫ్ మీద మెత్త చాలడం లేదని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మీరు అడిగినది. గీరుకునే శబ్దానికీ వార్నిష్‌కూ నా ఎంపిక పలుచని బొచ్చు తోలు. వెంట్రుకల వాలు లక్ష్యం వైపు ఉండాలి. వెల్క్రో అయితే మెత్తని వైపే వాడాలి, కొక్కేల వైపు ఈకలను తినేస్తుంది. షెల్ఫ్ చదునుగా ఉంటే పొర కింద, పిడి బాగా లోతుగా ఉన్నచోటికి సరిగ్గా పైన, అగ్గిపుల్లంత సన్నని తోలు ముక్క అడ్డంగా పెట్టండి. బాణం ఆ చిన్న మిట్ట మీదే ఆనుతుంది, రాపిడి తగ్గుతుంది. పక్క గోడ ముక్కనూ అదే గీతలో పెట్టండి. రెండు ముక్కలూ కలిసే మూలలో కొద్దిగా ఖాళీ వదిలితే అడుగు ఈకకు దారి దొరుకుతుంది. చాలామంది ఒకే ముక్కను మూలలోకి మడిచి నింపేస్తారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది కానీ ఈక దారి మూసుకుపోతుంది.

ఈక ముందు మొన మీద ఒక బొట్టు జిగురు వేసి నున్నగా చేయండి. ఆ పదునే తోలును చీల్చేది. ఈ ఒక్క పని చేశాక నా తోలు మునుపటికి రెండింతలు మన్నింది.

తడిసిన తోలు ఉబ్బుతుంది. ఉబ్బితే షెల్ఫ్ ఎత్తు మారినట్టే, కాబట్టి వానలో బాణాలు దారి తప్పితే తిట్టుకునే ముందు షెల్ఫ్‌ను వేలితో తడిమి చూడండి. తోలుకు తేనెమైనం పలుచగా రుద్దితే నీరు తొందరగా పట్టదు. పాత పొర తీయాలంటే జుట్టు ఆరబెట్టే యంత్రంతో గోరువెచ్చగా చేసి మెల్లగా లాగండి. కత్తితో గీకితే మీరు కాపాడాలనుకున్న వార్నిష్ మీ చేతులతోనే పోతుంది. జిగురు మరక తుడవడానికి స్పిరిట్ వాడేటట్లయితే ముందు కనపడని చోట ఒక చుక్క వేసి చూడండి, కొన్ని వార్నిష్‌లు దానికి కరిగిపోతాయి.

ఇవన్నీ చేసే ముందు మీ బాణాలు ఒకసారి బయటికి తీయండి. అడుగు ఈకలు మాత్రమే చిరిగి ఉంటే తోలు కొనే పని ఆపి, నాకింగ్ పాయింట్ ఎక్కడుందో కొలిచి ఇక్కడ రాయండి.