పాత స్టీరియోకి కొత్త డ్యాక్... సరిపడకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు 1970ల్లో కొన్న మరాంట్జ్ రిసీవర్ ఇప్పటికీ చక్కగా పాడుతుంది. ల్యాప్‌టాప్‌లోని పాటలు దాంట్లో వినడానికి మంచి డ్యాక్ (డిజిటల్ పాటను స్టీరియోకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) ఏదో చెప్పమని హైదరాబాద్‌లోని ఒక ఆడియో దుకాణాన్ని వాట్సాప్‌లో అడిగాను. సెట్ వెనక భాగం ఫొటో కూడా పంపాను. ‘మీ సెట్‌కి ఇదే కరెక్టు’ అని వాళ్లు ఒక మోడల్ చెబితే, వాళ్ల వెబ్‌సైట్‌లోనే 1,45,000 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను. వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే ఇల్లంతా మోత. బాగా తగ్గిస్తే ఎడమ స్పీకర్ వినపడటం లేదు. పాట ఆపినా గుయ్‌మని హమ్. పైగా వెబ్‌సైట్‌లో ఏకేఎం కంపెనీ చిప్ అని ఉంటే, పెట్టెలోని మాన్యువల్‌లో ఈఎస్ఎస్ కంపెనీ చిప్ అని ఉంది. ‘తప్పంతా మీ పాత సెట్‌ది, పెట్టె తెరిచాక వెనక్కి తీసుకోం’ అంటున్నారు. వచ్చి 12 రోజులైంది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చెప్పినవి మూడు ఫిర్యాదులు. మూడింటినీ ఒకే మూటగా కట్టి ‘డ్యాక్ పాడైంది’ అని రాస్తే మీ కేసును మీరే బలహీనపరుచుకున్నట్టు. అందులో ఒకటి గట్టిది, ఒకటి వాదించి నెగ్గాల్సింది, ఇంకొకటి పరీక్ష చేస్తే తప్ప తేలనిది.

గట్టిది చిప్ సంగతి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం కర్మాగారం కాలిపోయాక ఆ చిప్‌లకు కరువొచ్చింది. చాలా కంపెనీలు డిజైన్ మార్చి ఈఎస్ఎస్ వంటి ఇతర చిప్‌లకు మళ్లాయి. అమ్మేవాళ్లు వివరాలు సరిచూసుకోకపోతే పాత చిప్ పేరు మీదే కొత్త సరుకు పోతుంది. రెండు చిప్‌ల శబ్దంలో తేడా చెవికి తెలుస్తుందా లేదా అన్న చర్చలోకి మీరు దిగొద్దు, అవతలి వాళ్లు లాగినా దిగొద్దు. చట్టం అడిగేది ఒక్కటే: చెప్పిన సరుకు, ఇచ్చిన సరుకు ఒకటేనా? వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు తగ్గట్టే ఉండాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ అంటోంది. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని ఆన్‌లైన్ అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ‘పెట్టె తెరిచారు’ అన్నది దీనికి జవాబు కాదు. తెరవకుండా మాన్యువల్ ఎలా చూస్తారు?

అయితే చిప్ చూద్దామని డ్యాక్ మూత మాత్రం విప్పకండి. సీల్ తెగితే ‘మీరే కెలికారు’ అనే మాట వాళ్ల చేతికిచ్చినట్టే. వెనకవైపు సీరియల్ నంబర్ రాసి, ఈ యూనిట్‌లో ఏ చిప్ ఉందో చెప్పమని తయారీ కంపెనీకి ఈమెయిల్ పంపండి. వాళ్ల రాతపూర్వక జవాబు ఉత్తమ సాక్ష్యం. ఈలోగా వెబ్‌సైట్ పేజీని తేదీ, చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ ఫిర్యాదు చేరిన మర్నాడు ఆ పేజీ మారిపోవచ్చు.

ఇక వాల్యూమ్ మోత. ఇది డ్యాక్ లోపం కాదు. ఇప్పటి డ్యాక్‌లు ఆర్‌సీఏ సాకెట్‌లో (ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటు) సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి. ఆ కాలం రిసీవర్ల ఆక్స్ (బయటి పరికరాలు కలిపే) ఇన్‌పుట్‌కు పూర్తి శక్తితో పాడటానికి 150 నుంచి 200 మిల్లీవోల్టులు చాలు. అంటే పదింతలు ఎక్కువ వెళ్తోంది. అందుకే నాబ్ తొమ్మిది గంటల దగ్గరికి రాకముందే మోత. పాత నాబ్‌లో మొదటి కొసన రెండు చానెళ్లు సమానంగా లేవవు కాబట్టి ఎడమవైపు మాయమవుతోంది. నిర్ధారణకు ఆక్స్ దగ్గర ఎరుపు, తెలుపు పిన్నులు తారుమారు చేసి చూడండి. అప్పుడూ ఎడమ స్పీకరే పోతే తేడా నాబ్‌ది. కుడివైపుకు మారితే డ్యాక్‌నో కేబుల్‌నో అనుమానించాలి.

లోపం కాకపోయినా ఇక్కడ దుకాణానికి బాధ్యత లేకపోలేదు. కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి పనికిరావాలని అదే చట్టం 16వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ చెబుతోంది. దానికో మినహాయింపు ఉంది: మోడల్ పేరు చెప్పి అదే కావాలని కొంటే ఈ రక్షణ ఉండదు. దుకాణం వకీలు పట్టుకునేది దీన్నే. మన చట్టానికి మాతృక అయిన ఇంగ్లిష్ చట్టం కింద బాల్డ్రీ వర్సెస్ మార్షల్ (1925) అనే కేసు ఉంది. సుఖంగా తిరగడానికి కారు కావాలని అడిగిన మనిషికి డీలర్ బుగాటి కారు అంటగట్టాడు, అది ఆ పనికి సరిపోలేదు. కొన్నవాడు ఆ పేరును కాక డీలర్ నైపుణ్యాన్నే నమ్మాడు కాబట్టి మినహాయింపు వర్తించదని కోర్టు తేల్చింది. మీ వాట్సాప్‌లోనైతే మోడల్ పేరు ముందుగా వాళ్లే అన్నారు, అదీ మీ సెట్ ఫొటో చూశాక. ఆ చాట్ చెరిపేయకండి, ఆ ఫోన్ మార్చకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి.

ఒక్కటి మాత్రం ఆలోచించండి. డ్యాక్ మీకు నచ్చి ఉంటే, మెనూలో లైన్ ఔట్‌పుట్ తగ్గించే వీలుందేమో చూడండి. లేకపోతే ఆర్‌సీఏ పిన్నుల మధ్య 10 లేదా 12 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే చిన్న పరికరం) పెడితే సాధారణంగా సమస్య తీరుతుంది. లక్షన్నర దగ్గర అది చిన్న ఖర్చు. ఆ ఖర్చు దుకాణమే పెట్టుకోవాలని అడగడం న్యాయం.

హమ్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోన్ వీడియో ఆపకుండా తీస్తూ ఈ వరసలో చేయండి. సెలెక్టర్ ఆక్స్‌లోనే ఉంచి డ్యాక్ కేబుళ్లు తీసేయండి. హమ్ అలాగే ఉంటే అది సెట్‌ది, బహుశా ముసలితనం వచ్చిన ఫిల్టర్ కెపాసిటర్లది. పోతే కేబుళ్లు పెట్టి, యూఎస్‌బీ తీగ మాత్రం లాగేయండి. అప్పుడు నిశ్శబ్దమైతే కారణం ల్యాప్‌టాప్ చార్జర్ ద్వారా ఏర్పడే ఎర్త్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి హమ్ పుట్టించడం). చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపినా, యూఎస్‌బీ బదులు ఆప్టికల్ తీగ వాడినా పోతుంది. యూఎస్‌బీ లేకున్నా హమ్ వస్తుంటే అదే డ్యాక్‌ను మరో ఆంప్లిఫయర్‌కు కలిపి చూడండి. అక్కడా వస్తే లోపం డ్యాక్‌ది. హమ్ పోగొట్టడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయకండి. ప్రాణానికి ప్రమాదం, కేసుకూ నష్టం. దుర్వినియోగం చేశారన్న వాదనకు అదే ఆధారమవుతుంది.

అన్నిటికన్నా ముందు, ఈ రోజే రాతపూర్వకంగా తిరస్కరించండి. సరుకు అందాక తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగిన సమయం దాటేదాకా అట్టిపెట్టుకుంటే స్వీకరించినట్టేనని సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్. స్వీకరించాక నష్టపరిహారం అడగడమే తప్ప సరుకు తిప్పి పంపే హక్కు మామూలుగా ఉండదని అదే చట్టం 13వ సెక్షన్. ‘చూద్దాం సార్, కంపెనీని అడుగుతాం’ అనే ఫోన్ మాటలతో నెలలు గడవనివ్వకండి. ఈమెయిల్‌లోనూ, అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులోనూ ఇలా రాయండి: ‘ఫలానా బిల్లు నంబరు కింద పంపిన యూనిట్ మీ వెబ్‌సైట్ వర్ణనకు భిన్నంగా ఉంది. నా రిసీవర్‌కు సరిపోతుందని ఫలానా తేదీన మీరిచ్చిన హామీకీ భిన్నంగా ఉంది. దీన్ని తిరస్కరిస్తున్నాను. వాడటం ఆపాను. 15 రోజుల్లో వెనక్కి తీసుకుని 1,45,000 రూపాయలు చెల్లించండి.’ ఆపానని రాశాక పరీక్షలకు తప్ప నిజంగానే ఆపాలి. వెబ్‌సైట్‌లో పేరు ఇచ్చిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ (ఫిర్యాదులు చూసే అధికారి) పంపండి. 48 గంటల్లో అందినట్టు చెప్పడం, నెలలో పరిష్కరించడం వాళ్ల విధి. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించండి.

అయినా కదలకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అవతలివారు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. హమ్ మీద వివాదం మిగిలితే కమిషన్ యూనిట్‌కు సీలు వేయించి ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ ఖర్చు ముందు మీరు కట్టాలి. అందుకే చిప్, హామీ ఈ రెండింటి మీదే కేసు నిలబెట్టి, హమ్‌ను పరీక్షల్లో డ్యాక్‌దేనని తేలితేనే చేర్చమని నా సలహా. ధర, వడ్డీ, ఖర్చులు అడగండి. మానసిక వేదన కింద లక్షలు అడిగితే కేసు బరువు పెరగదు.

మళ్లీ కొనేటప్పుడు అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకుందామన్న ఆలోచన వస్తుంది. వారంటీ ఇక్కడ చెల్లుతుందా, అడాప్టర్ 230 వోల్టులు తీసుకుంటుందా అన్నవి ముందే కనుక్కోండి. ఇక్కడ కొంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న లేబుల్ చూడండి. విదేశీ తయారీదారుకు ఇక్కడి నోటీసు అందకపోయినా, డ్యాక్ వల్ల మీ పాత సెట్‌కో స్పీకర్లకో నష్టం జరిగితే అమ్మినవాళ్లనే బాధ్యులను చేసే వీలు వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్‌లో ఉంది. ఇక డబ్బు కట్టేముందు దుకాణానికి ఈ నాలుగు ముక్కలు పంపి, జవాబు రాతలో తీసుకోండి: ‘నా సెట్ ఫలానా మోడల్, ఆక్స్‌కు ఇన్ని మిల్లీవోల్టులు చాలు. మీ డ్యాక్ ఔట్‌పుట్ ఎన్ని వోల్టులు, తగ్గించవచ్చా? ఇప్పుడు పంపే యూనిట్‌లో ఏ చిప్ ఉంది? సరిపడకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు?’